మొగులు చూసి తిప్పిన బండి

బోగత జలపాతం దాకా ఒక్కడివే బండి మీద పోయొస్తానని బయలుదేరి, పస్రాలోనే వెనక్కి తిప్పావని నీకు మనసులో చిన్నతనంగా ఉంది. దోస్తులు ఏమంటారోనని కూడా ఉంది. నాకు మాత్రం నువ్వు చేసిన పని బాగా నచ్చింది బిడ్డా. ఎందుకు నచ్చిందో చెప్తాను, ముందు ఆ తడి బట్టలు మార్చుకుని రా.

జంగాలపల్లి క్రాస్‌రోడ్డు నుంచి పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా పోయి, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వాజేడు వైపు తిరిగే ఆ దారి ఎంత బాగుంటుందో నాకు తెలుసు. రెండు పక్కలా అడవి, మధ్యలో నల్లటి రోడ్డు, పక్కన ఎవరూ లేకుండా ఇంజిన్ చప్పుడొక్కటే వింటూ పోవడం. ఆ ఆశ ఎవరికైనా ఉంటుంది. కానీ వానాకాలంలో ఆ దారిన తుఫాను గాలీ వానా ఎదురైతే అన్నీ ఒక్కసారే మీద పడవు. ముందు మెరుపు కనిపిస్తుంది. వెనకే ఉరుము వినిపిస్తుంది. తర్వాత చల్లగాలి కొడుతుంది. ఆపైన వాన. అన్నింటికంటే ఆఖరున వాగు వస్తుంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది చూశావా, బండి మీద పోయేవాడి చేతిలో ఉన్నదంతా ఆ వ్యవధే.

ముందు వాన సంగతి. మన వెంకటాపూర్ మండలంలోనే ఉన్న లక్ష్మీదేవిపేట పేరు 2023 జూలై చివర్లో దేశమంతా విన్నది. ఒక్క రోజులో, 24 గంటల్లో, అక్కడ 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే రోజు పక్క భూపాలపల్లి జిల్లా చిట్యాలలో కూడా 600 దాటింది. అంతకుముందు తెలంగాణ రికార్డు కూడా మన వైపుదే. 2013 జూలై 19న వాజేడులో 517.5 మిల్లీమీటర్లు. నువ్వు పోదామనుకున్నది సరిగ్గా ఆ వాజేడుకే. రాష్ట్రం మొత్తం సగటు తీసుకుంటే ఏడాదికి పడే వాన సుమారు 900 మిల్లీమీటర్లు. అందులో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క రోజులో ఒక్క ఊరి మీద కుమ్మరించిందన్నమాట.

మిల్లీమీటర్లంటే మనసుకు ఆనదు. ఎకరాల్లో చెప్తా. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఎకరానికి సుమారు 4,047 చదరపు మీటర్లు. ఆ రోజు లక్ష్మీదేవిపేటలో ఒక్కో ఎకరం మీద 26 లక్షల లీటర్ల నీళ్లు పడ్డాయి. అంటే 2,600 టన్నుల బరువు. అంత బరువు ఆకాశంలో ఎట్లా నిలబడింది, ఎవరు పైకి మోశారు?

మోసింది వేడి. బంగాళాఖాతం మీద ఎండకు నీళ్లు ఆవిరైనప్పుడు, ఒక్కో కిలో నీటి ఆవిరి తనతో పాటు సుమారు 0.7 యూనిట్ల వేడిని దాచుకుని వస్తుంది. యూనిట్ అంటే మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. ఆ ఆవిరి పైకెక్కి, చల్లబడి, మళ్లీ నీటి చుక్క అయినప్పుడు దాచుకున్న వేడిని అక్కడే వదిలేస్తుంది. ఆ వేడికి చుట్టూ ఉన్న గాలి తేలికై ఇంకా పైకి పోతుంది, కింద నుంచి ఇంకా తేమగాలిని లాక్కుంటుంది. ఒక్క ఎకరం మీద పడిన ఆ రోజు వానకే లెక్క కడితే సుమారు 18 లక్షల యూనిట్లు వస్తుంది. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇల్లు 750 ఏళ్లకు పైగా వాడుకునే శక్తి అది. రేచర్ల రుద్రుడు 1213లో మన రామప్ప గుడి కట్టించిన నాటి నుంచి దాదాపు ఇప్పటిదాకా! ఒక్క ఎకరానికే అంత. మొగులు కడుపులో ఎంత బలం ఉంటుందో ఇక నువ్వే ఊహించుకో.

మన గుట్టలు హిమాలయాలేం కావు, మరి ఇక్కడెందుకు ఇంత వాన అంటావు. మంచి ప్రశ్న. పొడిగాలి వంద మీటర్లు పైకెక్కితే సుమారు ఒక డిగ్రీ చల్లబడుతుంది. వేసవిలో మన గుట్టలు ఎక్కే గాలి మూడు నాలుగు డిగ్రీలు చల్లబడినా ఏమీ కాదు, దానిలో తేమ లేదు. జూలైలో అల్పపీడనం పట్టినప్పుడు వచ్చే గాలి అట్లా ఉండదు. ఇంకొంచెం చల్లబడితే చాలు, చుక్క కట్టే స్థితిలో ఉంటుంది. దానికి ఆ చిన్న గుట్ట ఎక్కడమే ఎక్కువ. ఒకసారి చుక్క కట్టడం మొదలైతే ఆ తర్వాత గుట్టతో పని లేదు, తన వేడితో తనే పైకి పోతుంది. పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తు దాకా పెరుగుతుంది. నువ్వు పస్రాలో చూసిన ఆ నల్లదనం మొగులు రంగు కాదు, మందం. అన్ని కిలోమీటర్ల నీటి చుక్కలను, మంచు పలుకులను దాటుకుని వెలుతురు కింద దాకా రాలేకపోయింది. అందుకే అడుగు నల్లగా కనిపించింది.

ఇక మెరుపు. పిడుగు పోయే దారిలో గాలి దాదాపు 30 వేల డిగ్రీలకు వేడెక్కుతుంది, సూర్యుడి పైపొర కంటే అయిదు రెట్లు. అంత వేడికి గాలి ఒక్క పెట్టున ఉబ్బి పగిలే చప్పుడే ఉరుము. వెలుతురు మనకు వెంటనే చేరుతుంది. చప్పుడు మాత్రం కిలోమీటరు రావడానికి సుమారు మూడు సెకన్లు తీసుకుంటుంది. మెరిసినప్పటి నుంచి ఉరిమేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ఇంతవరకు బడిలో చెప్పే ఉంటారు. బండి మీద పోయేవాడు ఇంకో మెట్టు పోవాలి. ఇప్పుడు 24 సెకన్లు వచ్చింది, అంటే ఎనిమిది కిలోమీటర్లు. అయిదు నిమిషాల తర్వాత 15 సెకన్లు వచ్చింది, అంటే అయిదు కిలోమీటర్లు. అయిదు నిమిషాల్లో మూడు కిలోమీటర్లు దగ్గరైంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో నీ వైపే వస్తోంది. ఇంకో ఎనిమిది నిమిషాల్లో నెత్తి మీద ఉంటుంది. గడియారం, నోటి లెక్క తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

కానీ ఒకటుంది. హెల్మెట్ పెట్టుకుని, ఇంజిన్ తిరుగుతుంటే, చెవుల పక్క గాలి హోరులో దూరపు ఉరుము వినపడదు. మెరుపు ఒక్కటే కనిపించి, ఇంకా దూరంలోనే ఉందిలే అనిపిస్తుంది. అందుకే మెరుపు కంటపడగానే బండి పక్కకు ఆపి, ఇంజిన్ ఆపి, హెల్మెట్ తీసి వినాలి. నువ్వు పస్రాలో ఆగి విన్నానన్నావే, అప్పుడే నా మనసు కుదుటపడింది. 30 సెకన్ల లోపు ఉరుము వినపడిందంటే పది కిలోమీటర్ల లోపు ఉన్నట్టు. వాన ఇంకా నీ మీద పడకపోయినా అంత దూరం నుంచి పిడుగు నిన్ను చేరగలదు. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా కదలొద్దని చెప్పేది కూడా అందుకే.

టైర్లు రబ్బరు కదా, కరెంటు పోదు కదా అని మీ తరం పిల్లలు చాలామంది అనుకుంటారు. ఆలోచించు. కిలోమీటర్ల కొద్దీ గాలిని చీల్చుకుని వచ్చిన పిడుగుకు నాలుగు వేళ్ల మందం రబ్బరు ఒక అడ్డమా? కారులో కూర్చున్నవాళ్లను కాపాడేది టైర్లు కావు, చుట్టూ ఉన్న ఇనుప డొల్ల. కరెంటు ఆ డొల్ల మీది నుంచే నేలలోకి పోతుంది, లోపలికి రాదు. ఆర్టీసీ బస్సు కూడా అంతే. బండి మీద కూర్చున్నవాడికి ఆ డొల్ల లేదు, చదును నేల మీద ఎత్తుగా ఉన్నది వాడే. చెట్టు కిందికి పోతే ఇంకో ప్రమాదం. చెట్టుకు తగిలిన పిడుగు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, నేల వెంబడి కూడా పారుతుంది. చెట్టు కింద చేరిన గొర్రెల మంద ఒక్క పిడుగుకు చచ్చిపోయిందని వింటుంటాం. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఎడం ఎక్కువ, నేలలో పారే కరెంటు ఒక కాలి నుంచి ఎక్కి ఇంకో కాలి నుంచి దిగుతుంది, మధ్యలో గుండె ఉంటుంది. అందుకే ఎక్కడా గోడా పైకప్పూ దొరకకపోతే, బండికీ పెద్ద చెట్టుకూ దూరంగా, రెండు పాదాలు ఒక్కచోట చేర్చి గొంతుక్కూర్చోవాలి. అది ఏ దారీ లేనప్పుడు చేసే పని. పస్రాలో పక్కా ఇళ్లున్నాయి, దుకాణాలున్నాయి. దాని తర్వాత అడవే. నువ్వు ఆగిన చోటు విలువ అది.

వానకు ముందు చల్లగాలి కొట్టిందన్నావు. ఆ గాలి ఎక్కడిదో తెలుసా? పైన చుక్కలు బరువై రాలేటప్పుడు తమతో గాలిని కిందికి లాగుతాయి. రాలుతూ కొన్ని చుక్కలు ఆవిరవుతాయి, ఆ ఆవిరి కావడానికి కావలసిన వేడిని గాలిలోంచే తీసుకుంటాయి. గాలి చల్లబడి బరువెక్కుతుంది, ఇంకా వేగంగా పడుతుంది. వాకిట్లో బిందెడు నీళ్లు ఒక్కసారి కుమ్మరిస్తే నేలకు తగిలి నలుదిక్కులా ఎట్లా చిమ్ముతాయో, ఆ గాలి కూడా నేలను తాకి అట్లాగే నలువైపులా ఉరుకుతుంది. నీ ముఖానికి తగిలింది దాని అంచు. చాలాసార్లు అది హాయిగా ఉంటుంది. కొన్నిసార్లు అడవిని పడగొడుతుంది.

2024 ఆగస్టు 31 సాయంత్రం నువ్వు పోదామనుకున్న తాడ్వాయి, మేడారం అడవిలో అదే జరిగింది. సుమారు 200 హెక్టార్లలో, అంటే 500 ఎకరాల్లో, 50 వేలకు పైగా చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. చాలా చెట్లకు వేళ్లు లోతుకు పోలేదు, వరస వానలకు నేల నాని ఉంది. ఆ రాత్రి గడిచేలోపే కళింగపట్నం దగ్గర వాయుగుండం తీరం దాటింది. పడింది సుడిగాలికా, మేఘంలోంచి కూలిన గాలికా అని తెలిసినవాళ్లు రెండు రకాలుగా చెప్పారు. మూడు నెలలకే, డిసెంబర్ 4న, ములుగు జిల్లాలోనే 5.3 తీవ్రతతో భూకంపం వచ్చేసరికి జనం రెండింటికీ ముడిపెట్టారు. భూకంపం పుట్టేది కిలోమీటర్ల లోతున రాళ్లలో, దానికీ పైన వీచిన గాలికీ సంబంధం లేదు.

సుడిగాలికీ కూలిన గాలికీ తేడా పడిన చెట్లే చెప్తాయని కనిపెట్టినాయన ఒకరున్నారు. జపాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన టెట్సుయా ఫుజిటా. 1945లో అణుబాంబులు పడ్డాక హిరోషిమా, నాగసాకి పోయి, పేలుడు ఏ ఎత్తులో జరిగిందో, దాని ధాటి ఎటెటు పోయిందో పడిపోయిన వాటిని చూసి లెక్కగట్టాడు. 1974లో అమెరికాలో సుడిగాలులు విరుచుకుపడ్డాక విమానంలోంచి అడవిని చూస్తే, కొన్నిచోట్ల చెట్లు మెలిపడి కాకుండా ఒక నడిమి చోటు నుంచి బయటికి వరసగా ఒరిగి ఉన్నాయి. పాత జ్ఞాపకం తట్టింది. పైనుంచి గాలి దిగి నేలకు కొట్టుకుంటేనే అట్లా పడతాయి కదా! మరుసటి ఏడు, 1975 జూన్ 24న, న్యూయార్క్‌లో దిగబోతున్న విమానం ఒకటి ఉరుముల వానలో కూలినప్పుడు, దాన్ని కిందికి తోసింది ఆ గాలేనని ఆయన తేల్చాడు. మొదట చాలామంది ఒప్పుకోలేదు. ఇప్పుడు ప్రపంచమంతా విమానాశ్రయాల్లో ఆ గాలిని పసిగట్టే ఏర్పాట్లు ఉన్నాయి. విమానాన్నే తోసిన గాలికి రెండు చక్రాల మీద పోయేవాడు ఎంత? ఎండకు ఎదురుగా చల్లగాలి ఒక్కసారి కొట్టిందంటే పది పదిహేను నిమిషాల్లో ఆ వెనకే వాన ఉందని గుర్తుపెట్టుకో, చెట్ల మధ్యలోకి పోకు.

వాన పడ్డాక రోడ్డు లెక్క మారుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్నావనుకో. కళ్లు చూసి చెయ్యి బ్రేకు పట్టేలోపే ఒక సెకను, అంటే 17 మీటర్లు పోతావు. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20 మీటర్లు. తడి రోడ్డు మీద ఇంకో 35. రాలిన ఆకులు, మట్టి కలిసిన అడవి రోడ్డు మీద ఇంకో 70. మొత్తం 87 మీటర్లు! మలుపు అవతల ఒక చెట్టు కొమ్మ పడి ఉంటే చాలు. వాన మొదలైన కొద్ది నిమిషాలే మరీ జారుడు. రోడ్డు మీది ధూళి, నూనె నీళ్లతో కలిసి పైకి తేలుతాయి, గట్టిగా పడ్డాక కొట్టుకుపోతాయి.

నువ్వు వణుకుతూ వచ్చావు కదా. జూలైలో చలేమిటని నాయనమ్మ ఆశ్చర్యపోయింది. ఇందాక చెప్పిన 0.7 యూనిట్లు గుర్తుందా? ఆవిరి నీళ్లయితే ఆ వేడి వదులుతుంది, నీళ్లు ఆవిరైతే అదే వేడి అడుగుతుంది. నీ బట్టల్లో అర లీటరు నీళ్లున్నాయనుకో, ఎదురుగాలికి గంటలో ఆరితే మూడో వంతు యూనిట్ వేడి కావాలి. కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్లు గంటకు పుట్టించేది పదో వంతు యూనిట్. అడిగిన దానిలో సగమే ఒంట్లోంచి పోయినా చాలు, వేళ్లు కొంకర్లు పోతాయి, క్లచ్ పట్టు తెలియదు. ఒక్కడే పోయేవాడికి అది మరీ ప్రమాదం, చెప్పేవాడు పక్కన లేడు. బండి మీద రెయిన్‌కోటు వాన మొదలవకముందే వేసుకోవాలి, తడిశాక వేసుకుంటే తడిని లోపల దాచినట్టే.

ఇప్పుడు వాగు సంగతి. నాకు అన్నింటికంటే భయం దీనితోనే.

2023 జూలై 26న వెంకటాపురం మండలం వీరభద్రవరం అడవిలో ముత్యాలధార జలపాతం చూడటానికి సుమారు 80 మంది పోయారు. పోయేటప్పుడు దాటిన వాగు తిరిగొచ్చేసరికి పొంగి దారి మూసేసింది. చీకటి పడింది. ఫోన్‌లో అధికారులు వాళ్లకు చెప్పిందొకటే. దాటొద్దు, ఎత్తు మీదికి పోయి ఉండండి. విన్నారు. రాత్రి అడవిలోనే ఉన్నారు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు పోయి బయటికి తెచ్చారు. మరుసటి రోజే భూపాలపల్లి దగ్గర మోరంచవాగు తెల్లవారకముందే మోరంచపల్లి మీద పడింది. జనం ఇంటి కప్పుల మీదికి ఎక్కారు, హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఏటూరునాగారం మండలం కొండాయిలో జంపన్నవాగు ఊళ్లోకి వచ్చి మనుషుల్నే తీసుకుపోయింది. మేడారం జాతర నాడు లక్షల మంది తానాలు చేసే వాగు అది.

వాగు ఎందుకు మోసం చేస్తుందంటే, నువ్వు చూస్తున్న నీళ్లు నువ్వు చూస్తున్న వానవి కావు. వరద సెకనుకు రెండు మీటర్లు నడుస్తుందనుకో. పది కిలోమీటర్ల ఎగువన పడిన వాన నీ దగ్గరికి రావడానికి దాదాపు గంటన్నర పడుతుంది. ఇక్కడ ఎండ కాస్తుంటుంది, పిట్టలు కూస్తుంటాయి, చప్టా మీద మడమ లోతు నీళ్లు. గంటన్నర కింద గుట్టల్లో పడిన వాన అప్పుడే బయలుదేరి వస్తుంటుంది. నీళ్లు తేటగా ఉన్నవి ఉన్నట్టుండి ఎర్రబడ్డా, పుల్లలు, ఆకులు, నురగ కలిసి వస్తున్నా, వాగు చప్పుడు బొంగురుపోయినా, ఆ వాన దగ్గరికొచ్చేసినట్టే.

దాటేద్దామనిపిస్తుంది. అడుగు లోతే కదా అనిపిస్తుంది. లెక్క చెప్తా విను. అడుగు లోతు నీళ్లలో బండి చక్రాలు, ఇంజిన్ అడుగు, నీ కాళ్లు కలిపి ప్రవాహానికి అడ్డం వచ్చేది చదరపు మీటరులో అయిదో వంతు అనుకో. నీళ్లు సెకనుకు రెండు మీటర్ల వేగంతో తగిలితే సుమారు 40 కిలోల బలం పక్క నుంచి నెడుతుంది. మూడు మీటర్లయితే 60 కాదు, 90 కిలోలు. వేగం పెరిగిన దానికి వర్గం లెక్కన బలం పెరుగుతుంది. చప్టా మీద పాకుడు, కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో ఆ ఎర్ర నీళ్లలో కనిపించదు. ఒకవేళ మధ్యలో ఇంజిన్ ఆగితే సెల్ఫ్ కొట్టొద్దు. నీళ్లు గాలిలాగా నలగవు, సిలిండర్‌లో నిండిన నీళ్ల మీద పిస్టన్ గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండి వదిలేసి రావడమే.

ఈ వ్యవధి సంగతి మన కాకతీయుల కాలం వాళ్లకు బాగా తెలుసు. రామప్ప, లక్నవరం, పాకాల, గణపురం చెరువులు గుట్టల మధ్య సందుల్లో కట్టలు వేసి కట్టినవే. గుట్టల మీద పడిన వాన గంటలో కిందికి రాకుండా చెరువులో ఆగుతుంది, నిండాక మత్తడి మీది నుంచి కొలిచినట్టు దుంకుతుంది. మత్తడి లేకపోతే నీళ్లు కట్ట మీది నుంచే పొర్లి కట్టనే తెంపేవి. ఎనిమిది వందల ఏళ్లుగా ఎన్నో వానలను ఆ అమరిక తట్టుకుంది. గుడిలోని చెక్కుళ్లు చూడటానికి వచ్చేవాళ్లలో పదింట ఒకరైనా చెరువు కట్ట దాకా నడిచి మత్తడి చూసి పోతే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. తాడ్వాయి అడవిలోని వాగులకు అట్లాంటి చెరువు అడ్డం లేదు. పడిన వాన పడినట్టే దిగుతుంది.

బోగత ఎక్కడికీ పోదు. అక్టోబర్ నడిమికి రుతుపవనాలు మన దగ్గర నుంచి మళ్లుతాయి, దసరా దాటినా బోగతలో నీళ్లుంటాయి. అప్పుడు పో. పొద్దున ఆరింటికల్లా ఇక్కడ బయలుదేరు. నేల వేడెక్కి ఉరుముల మేఘాలు లేచేది ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే, ఆలోగా తిరుగుదారిలో ఉంటావు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందంటే మాత్రం ఆ లెక్క పనికిరాదు, అది రాత్రనక పగలనక కురుస్తుంది, ఆ వారం వదిలెయ్. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ల దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకో, చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. తాడ్వాయి దాటాక సిగ్నల్ అందని చోట్లున్నాయి, పస్రాలోనే ఒకసారి చూసుకో. ముల్లకట్ట వంతెన మీద ఆగి నాకు ఫోన్ చేసి గోదావరి ఎరుపు తగ్గిందో లేదో చెప్పు. తగ్గలేదంటే పైన ఎక్కడో ఇంకా గట్టి వాన పడుతున్నట్టే, ఏటూరునాగారంలో చాయ్ తాగి వెనక్కి వచ్చెయ్.